మోటరు గదిలో ఉడుము

కనిపించిన ప్రతిదాంట్లోంచీ నీతి పిండడం మా ఆయనకు అలవాటు. నాందేడ్ బజారులో ఇనుప సామాన్ల దుకాణం నడిపే మనిషికి ఈ జబ్బు ఎక్కడ అంటుకుందో తెలియదు. చీమ కనబడితే ఒక నీతి, ఆటో ఆగిపోతే ఇంకొకటి. వినాల్సింది మాత్రం నేనూ, మా అమ్మాయీ.

ఆ వానాకాలం మా పెరట్లోని మోటరు గదిలోకి ఒక ఉడుము దూరింది. మా ఇల్లు గోదావరి వైపు, ఊరి చివర. వెనకంతా తుమ్మ పొదలే. వానకు బొరియ నిండిందేమో, మోటరుకూ గోడకూ మధ్య సందులో ముడుచుకుని కూర్చుంది. స్విచ్ వేయబోతే బుస్సుమంది. నేను వెనక్కి గెంతాను. మోటరు వేయక ట్యాంకు ఎండిపోయింది. పక్కింటి నుంచి బిందెలతో నీళ్లు మోసే పని నా నెత్తిన పడింది.

ఆయన మాత్రం మురిసిపోయారు.

"అటవీ శాఖోళ్లకు ఫోన్ చేయుండ్రి," అన్నాను.

"చేద్దాం తీ. ముందుగాల దాన్ని సూడు. నాలుక బయటికి తీసి లోకాన్ని తెలుసుకుంటది. మనం అదే నాలుకతోటి లోకాన్ని ఖరాబ్ చేస్తం."

"గా నాలుక ఎవ్వరిదో గూడ చెప్పుండ్రి," అంటూ బిందె చంకనెత్తుకున్నాను.

మర్నాడు కాస్త ఎండ వస్తే ఉడుము గది గడప దాకా వచ్చి వెచ్చగా పడుకుంది. ఒళ్లు వేడెక్కితే గాని అది పనికి కదలదట, ముందు శక్తి, తర్వాత శ్రమ అట. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన చాయ్ గ్లాసుతో కుర్చీలో ఉన్నారు, దుకాణం తాళం ఇంకా తీయనే లేదు.

ఇవన్నీ నవ్వి ఊరుకోవచ్చు. నాకు ఒళ్లు మండింది అమ్మాయితో అన్న మాటకు. తను మెడికల్ ఎంట్రెన్స్ రెండుసార్లు రాసింది, సీటు రాలేదు. మళ్లీ కోచింగ్ వద్దు, పర్భణీలో వ్యవసాయ డిగ్రీ చదువుతానంటుండేది. పుస్తకం తెరిచి గంటల తరబడి ఒకే పేజీ వైపు చూస్తుండేది. పిలిస్తే ఉలిక్కిపడేది. ఆ పొద్దున అటుకుల పోహా తింటూ ఆయన అన్నారు:

"ఉడుమును సూసి నేర్చుకో బిడ్డా. ఒక్కసారి పట్టిందంటే ఇడువదు. చదువును గట్ల పట్టుకోవాలె."

అమ్మాయి ప్లేటు పక్కన పెట్టి లేచిపోయింది.

"పిల్ల తిండి సుత చెడగొట్టిండ్రు. సంబురమా?" అన్నాను. "ఫోనన్న చేయుండ్రి, లేకుంటే దాన్ని మీరే పంపుండ్రి. నాతోటి ఇంక నీళ్లు మోసుడు కాదు."

నా మాటకు పౌరుషం వచ్చిందేమో, ఆదివారం మధ్యాహ్నం పంచె ఎగ్గట్టి, తాడుకు ఉచ్చు వేసి ఉడుము తోకకు తగిలించారు. ఆయన గుంజేకొద్దీ అది ఒళ్లు ఉబ్బించి సందులో ఇంకా బిగుసుకుంది. గోళ్లు సిమెంటును గీకుతున్న చప్పుడు వంటింట్లోకి వినిపించింది. నేను వచ్చేసరికి తాడు జారి ఆయన మురికినీళ్ల మోరీలో వెల్లకిలా పడి ఉన్నారు. మోచెయ్యి చీరుకుపోయింది. లేచి, మళ్లీ తాడే అందుకున్నారు.

అమ్మాయి వచ్చి తాడు లాక్కుంది.

"చాలు బాపూ! నువ్వు గుంజుతున్నవనే అది పట్టుకుంటున్నది. ఇష్టమై కాదు, భయానికి." ఆగి, గొంతు తగ్గించి అంది, "నేను గూడ గంతే."

ఆయన మోరీ గట్టున కూలబడి, మోచేతి నెత్తురు పంచె అంచుతో తుడుచుకున్నారు. నాకు జాలి కలగాలి. కలగలేదు. ఇంత చిన్న సంగతి తెలియడానికి మోరీలో పడాలా అనిపించింది.

గది తలుపు బార్లా తెరిచి ముగ్గురం ఇంట్లోకి వచ్చేశాం. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం. చాలాసేపటికి ఉడుము తల బయటపెట్టింది, అటూ ఇటూ చూసింది. ఏమీ తొందర లేనట్టు పెరడు దాటి, ప్రహరీ కింది కంత గుండా పొదల్లోకి వెళ్లిపోయింది.

తర్వాత ఇంట్లో ఆ ఊసే లేదు. ఉడుము గురించీ లేదు, చదువు గురించీ లేదు. నేను కదిపితే ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవారు. ఒక రోజు పొద్దున్నే మాత్రం, "చపాతీలు కట్టియ్యి, బిడ్డను పర్భణీ తోల్కపోతున్న," అన్నారు.

"నాకొక్క మాట ముందు చెప్పొద్దా?" అని అరిచాను. అమ్మాయి అప్పటికే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. తనకు మాత్రం రాత్రే చెప్పారట.

ఇప్పుడు తను అక్కడ హాస్టల్లో ఉంటోంది. సాయంత్రం ఫోన్ చేసి పత్తి పురుగు గురించి, నల్లరేగడి గురించి ఆగకుండా చెబుతుంది. సగం నాకు అర్థం కాదు. పొయ్యి మీద కూర అడుగంటిపోతుంటుంది. అయినా ఫోన్ పెట్టేయను.