పొట్ట లేని పురుగు గుడ్లు

ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కల్పన లేదు. నమ్మకపోతే మానండి. అన్నం తిని కూర్చుంటే మాత్రం వినకండి.

పందొమ్మిదివందల యాభైల చివర్లో సంగతి. నందిగామలో మస్తాన్ గారింట్లో గది అద్దెకు తీసుకుని, ఓ ప్రొఫెసరు గారికి పురుగులు పట్టి పంపేవాణ్ణి. టెంపరరీ పని. ఆ నెల జగ్గయ్యపేట సున్నపురాతి గనుల దగ్గర, దీపానికి ఓ బూడిదరంగు రెక్కల పురుగు దొరికింది. గొంగళిగా ఉన్నప్పుడు నడుం ఎత్తెత్తి, నేల కొలుస్తున్నట్టు నడిచే రకం. అది ఎవరికీ సరిగా తెలియని ఓ ప్రజాతిలోదో కాదో తేల్చి పంపితే పర్మనెంటు చేయిస్తానని ఆయన రాశారు. దొరికింది ఒక్కటే. పొద్దున బస్సుకు పెట్టె వెళ్ళాలి. ఊళ్ళో మా ఇంట్లో నలుగురు నా జీతం మీదే బతకాలి.

తేల్చడమంటే ఏమిటనుకున్నారు? పొట్ట ఊడదీసి, కాస్టిక్‌ సోడాలో ఉడకబెట్టి లోపలి భాగాలు చూడాలి. ఆ రోత నాలుగు రోజుల కిందే అయింది. ఇక రెక్కల మీది పొడి కుంచెతో దులిపి ఈనెలు లెక్కపెట్టాలి. కుంచె మొన తేలడానికి నాలుకతో తడుపుకునే దరిద్రపు అలవాటు నాది. దులపడం... నాకడం. దులపడం... నాకడం.

ఆ రాత్రి పెట్రోమాక్స్ లైటు సుయ్యిమంటోంది. నాలుక మీద ఏదో గరగర. పొడేలే అని మింగేశాను. మళ్ళీ గరగర... పళ్ళ మధ్య ఒకటి టప్పున చిట్లింది. జిగురు. చేదు. ఛీ!

భూతద్దం పెట్టి చూశాను. కుంచె వెంట్రుకలకు గుడ్లు... పచ్చగా, తడిగా, గసగసాలంత.

కుంచె కడిగాను. ఒక్కసారి రెక్కకు తాకించాను... మళ్ళీ నాలుగు.

పురుగు వంక చూశాను. సూదికి గుచ్చినది గుచ్చినట్టే ఉంది. రొమ్ము కింద ఖాళీ. పొట్ట పక్కనే గాజు పలక మీద, బంకలో అతుక్కుని ఉంది.

నా వాంతులకు మస్తాన్ గారు లేచొచ్చారు. జరిగింది చెప్పాను. ఇంకో పురుగేదో వచ్చి పెట్టిందేమోనని గదంతా వెతికారు, పక్కబట్టలు దులిపారు. ఏమీ లేదు. చివరికి తనూ భూతద్దంలో చూసి, మెల్లగా అన్నారు.

"పొట్ట లేందానికి గుడ్లెట్టా వస్తయ్యండీ? తగలెట్టెయ్యండి దాన్ని."

తగలెడితే ఉద్యోగం పోయినట్టే. తెల్లారేదాకా నోరు పుక్కిలిస్తూ కూర్చుని, పెట్టె కట్టేశాను.

ప్రజాతి అదేనని తేలింది. ఉద్యోగం వచ్చింది. పెట్టెతో పంపిన కాగితంలో గుడ్లకో గడి ఉండేది. అందులో 'తెలియవు' అని రాశాను... నోట్లో ఆ చేదు ఇంకా పోకముందే, నా చేత్తోనే. అది అబద్ధమో, నిజమో... నాకిప్పటికీ తెలియదు.