పందెం కారుకు పెద్ద కారు ఇరుసు

అక్క మూడో కానుపుకు నంద్యాల పోవాలి. మొదటి ఇద్దరు బిడ్డలూ ఆనవాయితీ ప్రకారం మార్కాపురంలో మా ఇంట్లోనే పుట్టారు. ఇద్దరూ ఏడవలేదు. ఏడవని బిడ్డ వీపు మీద మంత్రసాని తడుతున్న చప్పుడును గోడకు ఇవతల కూర్చుని వినడం ఎట్లా ఉంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. నంద్యాలలో దొరసానులు నడిపే మిషను ఆసుపత్రిలో డాక్టరమ్మ, ఈసారి నొప్పులు మొదలుకాకముందే వచ్చి చేరమని గట్టిగా చెప్పింది. తోడు వెళ్ళమని నాయన నన్ను అక్క అత్తగారి ఊరు గిద్దలూరు పంపాడు. మధ్యాహ్నం రైలెక్కితే పొద్దుగూకేలోపు నంద్యాల చేరవచ్చు. అంతే కదా అనుకుంటూ వచ్చాను. వచ్చి చూస్తే బావ నడుం దాకా కారు కింద ఉన్నాడు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన కొత్త అది. మా తాలూకాలు అప్పుడు కర్నూలు జిల్లాలోనే ఉండేవి. రాజధాని మన జిల్లాలో పెట్టుకొని మనం బస్సుల్లో వేలాడేదేందని బావ అందరితో అనేవాడు. గింజల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినవాడికి ఎవరూ ఊహించని పిచ్చి పట్టింది. ఇంగ్లండు సీమకు వెళ్ళిపోతున్న ఒక తెల్ల ఇంజనీరు దగ్గర ఇద్దరు మాత్రమే కూర్చునే పందెం కారు ఒకటి తీసుకున్నాడు. ముక్కు పొడుగు, తలుపులు మోకాలెత్తు, పైకప్పు గుడ్డది. బయటి ఊళ్ళవాళ్ళు కూడా దాన్ని చూడడానికి అంగడికి వచ్చి, ఆముదాలు అమ్మకుండానే వెళ్ళిపోయేవాళ్ళు.

ఆ కారు నల్లమల కనుమలో మొదటిసారి ఎక్కుతున్నప్పుడే మొరాయించింది. ఒక మలుపులో వెనక ఇరుసులో కడ్డీ తెగి, చక్రం తెగిన ముక్కతో సహా బయటికి జారివచ్చింది. అటుపక్క లోయ. బావ ఆ కథను వీరగాథలాగా చెప్పేవాడు. వింటున్నప్పుడు నాకు ఆ చక్రమే కళ్ళలో తిరిగేది.

విరిగినదాన్ని అతుకుపెట్టి ఊరుకోలేదు బావ. ఆలోచించాడు. పందెం కారు గేర్లు పరుగు కోసం చేసినవి, వాటికి ఎత్తు ఎక్కడం చేతకాదు. అదే కంపెనీవాళ్ళ పెద్ద కారు, నలుగురు కూర్చునేది, నంద్యాల షెడ్డులో ఇంజను పాడై పడివుంది. దాని గేర్లు బరువు కోసం చేసినవి. దాని గేరుబాక్సూ, ఇరుసు లోపలి పళ్ళచక్రాలూ కడ్డీలూ తెచ్చి దీనికి వేస్తే కనుమ ఎద్దుబండిలా ఎక్కుతుందని అతని లెక్క. లెక్కలో తప్పు లేదు. నన్ను భయపెట్టింది అదే. తప్పున్న వాదాన్ని కొట్టవచ్చు. తప్పులేని వాదాన్ని, లారీల రిపేరుకు మాత్రమే అలవాటుపడ్డ ఒక మేస్త్రీ చేతుల్లో పెట్టి, దాని మీద నిండు గర్భిణిని కూర్చోబెడతానంటే ఏమనాలి?

ఆ కారులోనే అక్కను నంద్యాల తీసుకుపోతానని బావ అప్పటికే ఊరంతా చెప్పుకున్నాడు. నేను రైలు సంగతి ఎత్తాను. ఇరుసు మళ్ళీ విరిగితే కనుమలో ఎవరు దిక్కన్నాను. అతను కారు కింది నుంచే నవ్వినాడు.

"ఏం బామ్మర్దీ, శకునాలు లేవని మార్కాపురమంతా చాటుతావే. ఇరుసు ఇరుగుతాదని నీకెట్ల తెలిసె? బల్లి పడిందా?"

మేస్త్రీ కూడా నవ్వినాడు. జరిగినదాన్ని చూసి జరగబోయేది ఊహించడం శకునం కాదని నేనన్నాను. జరిగినదాన్ని చూసే గదా మార్చేది అని అతనన్నాడు. గ్రంథాలయంలో, సభల్లో నేను పండితులతో వాదించి నెగ్గినవాణ్ణి. గింజల వ్యాపారి చేతిలో ఓడిపోయాను. ఎందుకంటే నా భయానికి నిజంగానే రుజువు లేదు. రుజువు లేనిదాన్ని నమ్మేవాళ్ళను నేను ఏ మాటలతో ఎగతాళి చేసేవాణ్ణో ఆ మాటలన్నీ గుర్తుకొచ్చాయి. అయినా భయం తగ్గలేదు.

అక్కను విడిగా అడిగాను. బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండా చెప్పింది. రెండు కానుపులకూ పుట్టింటికి పంపి తాను ఇక్కడే ఉండిపోయినందుకు ఆయన బాధపడుతున్నాడట. బిడ్డ పోయిన కబురు రెండుసార్లూ అంగట్లో త్రాసు ముందు కూర్చుని విన్నాడట. ఈసారి తానే తీసుకుపోవాలని పట్టుపట్టాడట. అది విన్నాక బావను మూర్ఖుడనడం నాకు కష్టమైంది.

గేరుబాక్సు ఎక్కించారు. ఇక మిగిలింది ఇరుసు. దాని మధ్యలో కుండలాంటి గుండ్రటి పొట్ట ఉంటుంది. పళ్ళచక్రాలు బిగించివున్న మూత ఒకటి ముందువైపు నుంచి ఆ పొట్టలోకి దూర్చి, చుట్టూ బోల్టులు బిగిస్తారు. ఆ మూత వేయడానికి బావ వాళ్ళమ్మ, మా అత్తమ్మ, ముహూర్తం పెట్టింది. రెండు కార్ల వస్తువులు ఒక ఇంట్లో కలుస్తున్నాయి కాబట్టి అది పెళ్ళిలాంటిదేనట. పెద్దింటి పిల్ల, ఈ ఇంట్లో ఇముడుతుందో లేదో అని మేస్త్రీ అన్నాడు. అందరూ నవ్వుతుండగానే అత్తమ్మ పసుపు అక్షింతలు తెచ్చి, వధూవరుల మీద చల్లినట్టు తెరిచివున్న ఇరుసు మీద గుప్పెడు చల్లింది. సగం మట్టిలో పడ్డాయి. సగం ఆ పొట్టలోకి, గ్రీజులోకి పోయాయి. నేను నోరు తెరిచేలోపు, వేళ మించిపోతున్నదని బావ అనడం, మేస్త్రీ మూత దూర్చి బిగించడం అయిపోయాయి.

లోపల బియ్యం పడినాయి, తీయమన్నాను. నాలుగు గింజలు పిండైపోతాయిలే సారూ అన్నాడు మేస్త్రీ. పిండి నూనెలో కలిసి ముద్దై, బేరింగుల్లో చేరితే కనుమలో ఇరుసు పట్టేస్తుందన్నాను. అది నిజంగా జరుగుతుందో లేదో నాకు తెలియదు. కానీ నా భయానికి ఇంతకాలానికి చేతికి దొరికే వస్తువొకటి దొరికింది. వదల్లేదు. అక్షింతలను తప్పుపట్టే నోటికి పుట్టగతులుండవని అత్తమ్మ అంది. పళ్ళచక్రానికి పుణ్యం తెలియదని నేనన్నాను. గొంతులు లేచాయి. దారినపోయేవాళ్ళు నిలబడ్డారు.

అప్పుడు అక్క గడపలోకి వచ్చింది.

"తీసి చూడండి. చూసినాక కూర్చుంటా."

మూత విప్పారు. గింజలు ఉన్నాయి. ఏరి, కిరసనాయిలుతో కడిగారు. విప్పేటప్పుడు, నూనె కారకుండా మధ్యలో పెట్టిన అట్ట ప్యాకింగు చిరిగింది. మేస్త్రీ వేరే అట్ట అడిగితే బావ నిరుటి పంచాంగం ఇచ్చాడు. దాని అట్టను గుండ్రంగా కత్తిరించి, మధ్యలో పెట్టారు. పంచాంగం ఒకరికి పనికిరావడం నా కళ్ళతో చూసింది అదొక్కసారే. అయితే ఆ మాట పైకి అనే ధైర్యం ఆ పూట లేదు. రాహుకాలం దగ్గరపడుతున్నదని అత్తమ్మ గడపలో నిలబడి తొందరపెడుతున్నది. మేస్త్రీ చేతులు పరుగెత్తుతున్నాయి. నేను ఆ చేతులనే చూస్తున్నాను. చూస్తూ కూడా ఏమీ కనిపెట్టలేకపోయాను.

మొదటిసారి దంపతులే కూర్చోవాలి. అక్కను ఎక్కించారు. పెద్ద కారు గేరు రాడ్డు పొడుగుది, వంపు తిరిగి ఆమె మోకాలి దగ్గరికి వచ్చింది. ఆమె ఒక చేత్తో కడుపును, ఒక చేత్తో తలుపును పట్టుకుంది. బావ ఇంజను వేసి, మొదటి గేరు వేసి, క్లచ్చి వదిలాడు.

కారు వెనక్కి కదిలింది.

గేరుబాక్సు కొత్తది కదా, గేరు తప్పు పడిందనుకున్నాడు బావ. రాడ్డు లాగి ఇంకోటి వేశాడు. ఈసారీ వెనక్కే, ఇంకా వేగంగా పోయింది. వెనక మురుక్కాలువ. మేస్త్రీ రాయి అందుకొని చక్రం కింద వేయబోయేలోపే ఒక వెనక చక్రం కాలువలోకి దిగబడింది. బండి ఒక పక్కకు ఒరిగి, దబ్బున ఆగింది. అక్క తల వెనక్కి ఊగి, ముందుకు వాలింది. ఇంజను ఆగిపోయింది. నేను పరుగెత్తాననే అనుకుంటాను. ఆమె చేయి కడుపు మీద నుంచి కదలలేదన్నది మాత్రం గుర్తుంది.

ఏం కాలేదని ఆమె అంది. లోపల కదులుతున్నాడు అని కూడా అంది.

మేస్త్రీ కింద దూరి చూసి, బయటికొచ్చి తలకొట్టుకున్నాడు. మూత బోల్టు రంధ్రాలు చుట్టూ సమంగా ఉంటాయి కాబట్టి దాన్ని తలకిందులుగా పెట్టినా సరిపోతుంది. అట్లా పెడితే పెద్ద పళ్ళచక్రం కుడికి ఉండాల్సింది ఎడమకు వస్తుంది, చక్రాలు ఎదురు తిరుగుతాయి. రెండోసారి తొందరలో అదే చేశాడు. ముందుకు పోయే గేర్లన్నీ వెనక్కి పోతాయి, రివర్సు ఒక్కటే ముందుకు పోతుంది. విప్పి తిప్పి వేస్తే చాలు, సాయంత్రానికి సరిచేస్తానన్నాడు.

దేవుడు ముందుకు పోవద్దంటున్నాడని అత్తమ్మ కళ్ళు తుడుచుకుంది. నాకు కావలసిన తీర్పు, నేను ఒప్పుకోలేని వాదంతో వచ్చింది. కాదనాలా, ఔననాలా? బావ నావైపు తిరిగాడు. నువ్వు తెరిపించకుంటే సక్కగా పోయేది గదా అన్నాడు. అదీ నిజమే. ముహూర్తం తొందర, రాహుకాలం తొందర అని ఎదురువాదం చేయడానికి నాకు ఎంతో సరుకుంది. కానీ కాలువలోకి ఒరిగిన ఆ బండిలో అక్క ఇంకా కూర్చునేవుంది.

నేను చేయి అందించాను. దిగి, చీర దులుపుకొంది.

"నేను రైలుకు పోతా."

బయల్దేరి వెనక్కి వచ్చినాక కాసేపు కూర్చోకుండా పోరాదనీ, పైగా రాహుకాలమనీ అత్తమ్మ అడ్డుపడింది.

"నొప్పులు రాహుకాలం చూసుకొని వస్తాయా అత్తమ్మా," అంది అక్క. ఎగతాళిగా కాదు, అడిగినట్టే అడిగింది. ముసలామె పక్కకు తప్పుకుంది.

బావ స్టీరింగు వదల్లేదు. సాయంత్రానికి అయిపోతాది, నా మాట విను అన్నాడు. అక్క కారు దగ్గరికి మళ్ళీ వెళ్ళింది.

"కారులో పోవాలని కాదు నేను ఒప్పుకున్నది. నువ్వొస్తావని. కారు ఉండనీ. నువ్వు రా."

అతను కాలువలో ఉన్న చక్రంవైపు చూశాడు. మేస్త్రీవైపు చూశాడు. చూడడానికి వచ్చిన జనంవైపు చూశాడు. వాళ్ళలో సగం మందికి అతను కనుమ గురించి గొప్పలు చెప్పినవాడే. ఆ కాసేపూ అతను రాడేమోనని నేను ఇరుసుకు భయపడినదానికంటే ఎక్కువ భయపడ్డాను. చివరికి దిగి, ట్రంకుపెట్టె భుజానికెత్తుకున్నాడు.

రైలు ఆలస్యంగా వచ్చింది. స్టేషనులో అక్క రెండుసార్లు కళ్ళు మూసుకుంది. అడిగితే నడుం నొప్పి అంది. రైలుపెట్టెలో కూర్చున్నాక కూడా, కొండల్లో ఎత్తు వంతెన మీద రైలు నిదానించినప్పుడల్లా నాకు ఇక్కడే ఆగిపోతుందేమో అనిపించేది. రైలు పట్టాల మీద పోతుంది, దానికి ఇరుసులు కొత్తవి కావు అని నాకు నేను తర్కం చెప్పుకున్నాను. పని చేయలేదు. బావ కిటికీ దగ్గర కూర్చుని చెట్ల సందుల్లో కనిపించే రోడ్డును చూస్తూ ఉండిపోయాడు.

నంద్యాలలో దిగిన మర్నాడు తెల్లవారగానే నొప్పులు మొదలైనాయి. డాక్టరమ్మ మమ్మల్ని వరండాలో ఉండమంది. పొద్దెక్కింది. బావ నాతో గేర్ల గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు. ఏ చక్రానికి పళ్ళు ఎక్కువుంటే ఎట్ల తిరుగుతాది, బరువెట్ల లాగుతాది. నేను జీవితంలో మొదటిసారి అతనితో వాదించకుండా విన్నాను, తెలియనిచోట అడిగాను కూడా. ఇద్దరిలో ఎవరు మాట ఆపినా లోపలి చప్పుళ్ళు వినబడేవి. అందుకే ఎవరమూ ఆపలేదు.

అట్లా మాట్లాడుతుండగానే తలుపు తెరుచుకుంది. ఆడపిల్ల, తల్లీ బిడ్డా క్షేమమని నర్సు చెప్పి, మళ్ళీ తలుపు వేసుకుంది.

బావ లేచి నిలబడ్డాడు. ముఖంలో ఇంకా నమ్మకం లేదు.

"ఏడ్చిందా?" అని నన్నడిగాడు.

ఏడ్చింది, నాకు వినిపించిందన్నాను.

"నాకు ఇనబడలే," అన్నాడు.

నేను మళ్ళీ చెప్పబోయాను. అతను వినలేదు. వెళ్ళి, మూసిన తలుపుకు చెవి ఆనించి, చేత్తో నన్ను మాట్లాడవద్దని సైగ చేసి, అట్లాగే నిలబడ్డాడు.