కువైట్ పోయిన రోజున మేము రువాన్‌లో ఉన్నాం

మొన్న సోమవారం పొద్దున, కువైట్‌లో మేముండే అబూ హలీఫాలో సైరన్ పరీక్ష జరిగింది. అప్పుడప్పుడూ అలా మోగించి చూసుకోవడం ఇక్కడ మామూలే. నేను గోంగూర ఒలుస్తూ తల కూడా ఎత్తలేదు గానీ, పక్క ఫ్లాట్‌లోకి కొత్తగా వచ్చిన రాయచోటి అమ్మాయి చేతిలో చీపురుతోనే మా తలుపు తోసుకుని వచ్చేసింది. కూర్చోబెట్టి టీ ఇచ్చాక కాస్త తేరుకుని, "ఆ ఇరాకోళ్లు వచ్చినప్పుడు నువ్వు ఈడే ఉంటివా పెద్దమ్మా? యాడ దాంకుంటివి?" అని అడిగింది. "ఫ్రాన్సులో ఉంటిని. మీ పెద్దనాయనా నేనూ రైలెక్కి ఊరు చూడబోతిమి," అన్నాను. ఆ పిల్ల పకపకా నవ్వింది. ఎవరికి చెప్పినా నవ్వుతారు. వాళ్లతో పాటు నవ్వడం నాకూ అలవాటయింది.

అప్పట్లో మేమిద్దరం హవల్లీ దాటాక ఒక పెద్ద ఇంట్లో పనిచేసేవాళ్లం. ఆయనది వంట, నాది పిల్లల పని. పెళ్లయి ఆరేళ్లు, అందులో నాలుగేళ్లు ఒకే ఇంట్లో. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆయన పడక ప్రహరీ పక్కన మగ పనివాళ్ల గదిలో, నా పడక మేడ మీద పిల్లల గది బయట. ఉల్లిపాయలు తరిగేటప్పుడు తప్ప మొగుడూ పెళ్లాల్లా మాట్లాడుకున్నది లేదు. అప్పుడు కళ్లల్లో నీళ్లు తిరిగినా ఉల్లిపాయల మీదికి నెట్టేసేవాళ్లం. ఇంటి యజమానిని బాబా అనీ, ఇల్లాలిని మామా అనీ పిలిచేవాళ్లం. ఆ ఏడాది వేసవికి వాళ్లు పారిస్‌లో రెండు నెలలకు ఇల్లు తీసుకున్నారు. ఎక్కడున్నా మధ్యాహ్నానికి బాబాకు మాంసం వేసి వండిన మచ్‌బూస్ అన్నం ఉండాల్సిందే కనుక మా ఆయన ప్రయాణం ఖాయం. పిల్లల కోసం మాత్రం మామా ఎంచుకున్నది నన్ను కాదు, నా చెల్లెల్ని.

చెల్లెలికి పంతొమ్మిదేళ్లు. నేనే వీసా తెప్పించి ఆ ఇంట్లోనే పనికి పెట్టించి నాలుగు నెలలయింది. పిల్లలు దాని చంక దిగేవాళ్లు కాదు. నేను ఒక రోజంతా మథనపడి, మర్నాడు మామా తలకు నూనె పెడుతూ, "నేనే వస్తాను మామా, అది చిన్నది, కొత్త దేశంలో భయపడుతుంది," అన్నాను. పచ్చి అబద్ధం. భయమన్నది దాని ఒంట్లోనే లేదు. మామా సరేనంది. మామా వాళ్లమ్మకు కాళ్లు పడిపోయి మంచంలోనే ఉండేది. ఆమెను పెద్ద మామా అనేవాళ్లం. ఆమెకు తోడుగా చెల్లెలు ఉండిపోయింది. నా పెట్టె అదే సర్దింది. "నాకేమక్కా, పెద్ద మామా టీవీ పెట్టుకోని పండుకుంటాది, నేనూ పండుకుంటా. నువ్వు బావతో పో," అంది. దానికంతా అర్థమయిందని ఆ ఒక్క మాటతో తెలిసింది.

జూలై ఆఖరుకొచ్చేసరికి పారిస్ ఇంట్లో బాబా ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడడం మొదలుపెట్టాడు. మేము గదిలోకి వెళితే టీవీ కట్టేసేవాడు. సరిహద్దులో ఇరాక్ సైన్యం చేరిందన్న మాట మా చెవినా పడింది. "పెద్దోళ్ల జగడాలు మే, కూసోని మాట్లాడుకుంటే సమసిపోతాయి," అనేవాడు మా ఆయన. అలాంటి రోజుల్లో మామాకు ఏం దయ పుట్టిందో, ఒక గురువారం మా ఇద్దరికీ సెలవిచ్చి, రైలు టికెట్లు కూడా తెప్పించింది. ఊరి పేరు రువాన్. రాయడం అలా రాస్తాం గానీ పలికేటప్పుడు సగం ముక్కులోకి పోతుంది. మా ఆయన జలుబు చేసినవాడిలా రెండు రోజులు సాధన చేశాడు.

ఇంట్లో అందరూ నిద్రలో ఉండగానే బయల్దేరాం. తలుపు దగ్గరికి వేస్తుండగా లోపల ఫోన్ మోగింది. నేను ఆగాను. "ఎత్తితే ఏదో ఒక పని చెప్తారు, ఇంగ ఈ పొద్దు పోయినట్లే. బిన్నా రా మే," అన్నాడాయన. మెట్లు దిగినంతసేపూ అది మోగుతూనే ఉంది. ఆ ఫోన్ చేసింది నా చెల్లెలని చాలా నెలల తర్వాత గానీ నాకు తెలియలేదు. వీధిలో ట్యాంకులు పోతుంటే, వంటగది గోడ మీద మామా రాసి పెట్టిన నంబరు చూసి ఒక్కో అంకే తిప్పిందట. ఆ తర్వాత లైన్లు తెగిపోయాయి.

ఇదేమీ తెలియని నేను రైల్లో కిటికీ పక్కన కూర్చుని, చిన్నపిల్లలా అద్దానికి ముక్కు ఆనించాను. పక్కనే నది, దాని మీద పొగమంచు, ఉన్నట్టుండి సొరంగం. చీకటైన ప్రతిసారీ ఆయన నా చెయ్యి పట్టుకుని, వెలుతురు రాగానే వదిలేసేవాడు. ఊరంతా కట్టె దూలాలు బయటికి కనిపించే పాత మేడలు, ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టు. వీధికి అడ్డంగా కమాను మీద బంగారు పూత గడియారం, దానికి ఒకటే ముల్లు. "నిమిషాల ముల్లు యాడికి పాయె?" అని ఆయన తల పైకెత్తి వెతుకుతుంటే నవ్వాపుకోలేకపోయాను. పెద్ద చర్చిలోకి వెళితే ఎండలో కూడా చన్నీళ్లలో దిగినట్టుంది. అక్కడ ఎందుకో చెల్లెలు గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. చలికేమోలే అనుకుని కొంగు కప్పుకున్నాను.

మధ్యాహ్నం ఆకలేసి, అరబ్బీ అక్షరాల బోర్డున్న చిన్న హోటల్లోకి వెళ్లాం. నడివయసు అల్జీరియా ఆయన రొట్టె, సూపు పెట్టాడు. వాళ్ల అరబ్బీ మన కువైట్ అరబ్బీ కాదు, అయినా సగం పట్టుకోగలిగాం. కిటికీలోంచి కనబడే సంత మైదానం చూపించి, వందల ఏళ్ల కిందట అక్కడ ఒక పంతొమ్మిదేళ్ల పిల్లను కట్టేసి కాల్చేశారని చెప్పాడు. తర్వాత, ఎక్కడి నుంచి వచ్చారని అడిగాడు. "కువైట్ నుంచి," అన్నాడు మా ఆయన.

ఆ మనిషి చేతిలో గరిట కింద పెట్టేశాడు. "మీకు తెలీదా?" అని, గోడ మీది టీవీ పెట్టాడు. సముద్రం పక్క రోడ్డు. దాని మీద ట్యాంకులు.

"అది మన బీచ్ రోడ్డే గదా మే," అన్నాడు మా ఆయన, పక్కింటి వాళ్లెవరో సినిమాలో కనబడినట్టు. అల్జీరియా ఆయన తల అడ్డంగా ఊపి, "ఖలాస్. కువైట్ ఖలాస్," అన్నాడు.

తిరుగు రైలుకు రెండు గంటలు ఆగాల్సి వచ్చింది. స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్నాం. "దాన్ని రానీకుండా చేసింది నేనే," అన్నాను. ఆయన, "నువ్వు అడక్కుంటే నేనడుగుదును," అన్నాడు. రైల్లో మళ్లీ సొరంగాలు వచ్చాయి గానీ, ఆయన చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి.

ఇంటికి చేరేసరికి మామా ఫోన్ పక్కన నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, "మా అమ్మ, మీ చెల్లి. ఇద్దరే ఉన్నారు ఆ ఇంట్లో," అంది. ఆ సాయంత్రం మామా తన చేత్తో నాకు టీ కలిపి ఇచ్చింది. చక్కెర వెయ్యడం మరిచిపోయింది. ఇద్దరం అలాగే తాగాం.

ఆ తర్వాత అందరం పారిస్‌లోనే ఉండిపోయాం. నెలల తరబడి ఒక్క కబురు లేదు. చలికాలం ముందు మా ఊరి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. బాగ్దాద్, జోర్డాన్ మీదుగా బయటపడ్డ రాయచోటి డ్రైవరు ఒకాయన మా అమ్మకు చెప్పాడట. బస్సులో చోటుంది రమ్మని చెల్లెల్ని పిలిస్తే, "నేనొస్తే ముసలామెకు నీళ్లెవరు తాపుతారన్నా?" అని తలుపేసుకుందట. ఆ ఉత్తరం చదివి నేను ఏడ్చాను. మామా చదివించుకుని నా కంటే ఎక్కువ ఏడ్చింది.

యుద్ధం ముగిసి మేము తిరిగొచ్చేసరికి నూనె బావులు ఇంకా కాలుతున్నాయి. మిట్టమధ్యాహ్నం కార్లు లైట్లు వేసుకుని తిరుగుతున్నాయి. తలుపు తీసింది చెల్లెలే. చెవుల దాకా కత్తిరించుకున్న జుట్టు, సగానికి సగం తగ్గిన మనిషి. లోపల పెద్ద మామా శుభ్రంగా ఉతికిన దుప్పటి మీద పడుకుని ఉంది. సైనికులు ఇంట్లోకి మూడుసార్లు వచ్చారట. మొదటిసారి టీవీ పట్టుకుపోయారు, రెండోసారి కారు. మూడోసారి సంగతి అది చెప్పలేదు. నేను ఇంతవరకూ అడగలేదు.

అన్నాలు తిన్నాక నా పక్కన కూర్చుని, "ఆ పొద్దు మీరు రైలెక్కి యాదో ఊరికి పోతిరంట గదా, మామా చెప్పె. ఎట్లుండె అక్కా? అంతా చెప్పు, ఏమీ ఇడ్సకుండా," అంది. నది, మేడలు, ముక్కులోకి పోయే ఆ ఊరి పేరు, అన్నీ చెప్పుకుంటూ హోటల్ దాకా వచ్చి ఆగిపోయాను. అది నా మోకాలి మీద చెయ్యేసి, "ఆడికి సాలు. మద్దేనం దాకా నువ్వు సంతోషంగా ఉంటివి గదా," అని, అలాగే పక్కకు ఒరిగి నిద్రపోయింది.

ఉన్నాను. అది నిజం. నా కాపురం మొత్తంలో అంత తేటగా గడిచిన పూట ఇంకొకటి లేదు. మరిచిపొమ్మంటే నా వల్ల కాదు, తలచుకుందామన్నా ధైర్యం చాలదు. కాలం మనకొక మంచి పూటను చేతిలో పెట్టేటప్పుడు, అది ఎవరి దగ్గర నుంచి తీసుకొచ్చి పెడుతున్నదో చెప్పదు.