కంపెనీ గారు

మండపేటలో నా అసలు పేరు తెలిసినవాళ్లు నలుగురుంటే గొప్ప. మిగతా ఊరంతటికీ నేను కంపెనీ గారిని. పాతికేళ్ల కిందట ఒక మోటార్‌సైకిల్ కంపెనీ షోరూమ్‌లో మెకానిక్కుగా చేరాను. వాళ్ల ఫ్యాక్టరీకే పంపి ట్రైనింగ్ ఇప్పించారు. తిరిగొచ్చాక జేబు మీద కంపెనీ పేరు కుట్టిన నీలం చొక్కా వేసుకుని బజార్లో నడుస్తుంటే, రైసుమిల్లు ముందు నుంచి ఎవరో ఒకరు "కంపెనీ గారూ, ఈ సౌండేంటో ఒకసారి చూడండి" అని పిలిచేవారు. నాకు మహా గొప్పగా ఉండేది. అబద్ధమెందుకు, ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పలకడానికి కాస్త బెట్టు చేసేవాణ్ణి.

తర్వాత కంపెనీ వాళ్లు ఒక ఫ్యాక్టరీ మూసేశారు. మా షోరూమ్ ఓనరు గారు "పెద్ద కంపెనీ అండి, ఒకటి మూస్తే ఏంటి, ఇంకోటుంది" అన్నారు. కొన్నాళ్లకి ఆ ఇంకోటీ మూశారు. ఇక బళ్లు ఇక్కడ చెయ్యరట, బయటి దేశంలో చేసి అక్కడే అమ్ముకుంటారట. ఓనరు గారు షట్టర్ దించి వాళ్ల మావగారి మిల్లు చూసుకోడానికి వెళ్లిపోయారు. షోరూమ్ ఉన్నచోట ఇప్పుడు చీరల కొట్టుంది. నేను మాత్రం వెనకున్న రేకుల షెడ్డులో మిగిలిపోయాను.

పేపర్లో ఆ వార్త వచ్చిన రోజు మా ఇంటికి జనం పరామర్శకి వచ్చారు. నిజంగానే. "కంపెనీ పోయిందంట గదండి" అని ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. మా ఆవిడ ఎవరు పోయారోనని హడలిపోయింది. ఒక పెద్దాయనైతే కాసేపు తలొంచుకు కూర్చుని, చావింటి నుంచి వెళ్లినట్టు, వెళ్లొస్తానని చెప్పకుండా లేచిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడనిపిస్తుంది, ఆ రోజు పద్ధతి ప్రకారం నడుచుకున్నది ఆయనొక్కడే. మిగిలినవాళ్లంతా "వెళ్లొస్తామండి" అన్నారు, అన్నట్టే మర్నాటి నుంచి బళ్లు తోసుకుంటూ వచ్చారు.

కంపెనీ పోతే పోయింది, బళ్లు ఎక్కడికి పోతాయి? పార్టులేమో దొరకవు. ఒకసారి ఎంతో తంటాలు పడి బయటి దేశంలో చేసిన పార్టొకటి తెప్పించాను. స్పార్క్ ఇచ్చే నల్ల డబ్బా అది. మన బళ్లకి నాలుగు వైర్లు, దానికి ఐదు. ఆ ఐదో వైరు పట్టుకుని వారం రోజులు కూర్చున్నాను, అది అతకనే లేదు. అప్పట్నుంచి మూలపడ్డ బళ్లు విప్పి, తిరిగే బళ్లకి అతకడమే నా పనైంది. ఎదురుపడితే ఏ పార్టు అడుగుతారోనని సందులంట నడవడం అలవాటు చేసుకున్నాను. పెనుగొండ అమ్మవారి గుడికెళ్తే అక్కడ క్యూలో వెనకాయన క్లచ్చు ప్లేట్ల గురించి అడిగాడు. దణ్ణం పెట్టుకుంటుంటే నాకు అమ్మవారు కనబడలేదు, క్లచ్చు ప్లేట్లే కనబడ్డాయి.

ఈ మధ్య రాజమండ్రిలో కరెంటు బళ్ల షోరూమ్ వాళ్లు సర్వీసు పని చూసుకోమని పిలిచారు. సోమవారం పొద్దున్న పదింటికల్లా రావాలి, రాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటామన్నారు. వెంటనే ఒప్పేసుకున్నాను. ఆ మాట విని మా ఆవిడ ఎన్నాళ్లకో నవ్వింది. నా నీలం చొక్కాలన్నీ ముందేసుకుని, జేబుల మీద కుట్టు ఓపిగ్గా విప్పింది. దారమైతే పోయింది గానీ, దాని కిందున్న గుడ్డ మిగతా చొక్కాలా వెలిసిపోలేదు. ముదురు నీలంలో కంపెనీ పేరు అలాగే కనబడుతోంది. ఆవిడ చొక్కా ఎండకి పెట్టి చూసింది, నీడకి పెట్టి చూసింది, ఇక మడతపెట్టి బీరువాలో పడేసింది.

సోమవారం ఏడింటికి తయారై నా బండి బయటికి తీస్తున్నాను. గేటు ముందు చేపలమ్మే ఆవిడ నిలబడింది. గోదారి ఒడ్డున చేపలు కొనుక్కుని ఊళ్లమ్మట తిరిగి అమ్ముకునే మనిషి. భర్తకి పక్షవాతం వచ్చాక ఆయన బండి తనే నేర్చుకుని ఇల్లు నడుపుతోంది. ఆ బండి వాళ్లకి ఇప్పించింది నేనే. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించిన రోజు "మీకేం భయం లేదమ్మా, పూచీ నాది" అన్నాను. బండి కొన్న ప్రతివాళ్లకీ ఆ మాటే అనేవాణ్ణి. నోటికి అలవాటు.

బండి మైలు దూరం తోసుకొచ్చింది. వెనక చేపల పెట్టె, దాంట్లోంచి ఐసు నీళ్లు కారుతున్నాయి. చూస్తే ఆ నల్ల డబ్బానే పోయింది. షెడ్డులో విప్పడానికి ఇంకో బండి లేదు. నాలుగు వైర్ల డబ్బా మిగిలింది నా బండికొక్కదానికే.

కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు, అయినా ఆవిడ మీదే చూపించాను. "ఇన్నాళ్లూ చెప్పలేక ఊరుకున్నానమ్మా. కంపెనీ లేదు. ఫ్యాక్టరీలు మూసేశారు, దేశం నుంచే వెళ్లిపోయారు. వేరే బండి చూసుకోండి" అన్నాను.

ఆవిడ నన్ను తేరిపార చూసింది. "లేకపోవడమేంటండీ, మీరు ఉన్నారుగా" అంది.

ఎగతాళి కాదు. ఆవిడకి కంపెనీ అంటే నేనే. అంతకుమించి ఇంకేదో ఉండేదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పనివ్వలేదు.

నా బండి సైడు ప్యానెల్ విప్పి, డబ్బా తీసి ఆవిడ బండికి పెట్టాను. ఒక్క కిక్కుకే స్టార్టయింది. "వెళ్లొస్తానండి, కంపెనీ గారూ" అని ఆవిడ పెట్టెలోని కొవ్వూరు బొచ్చె చేపల్లో పెద్దది తీసి గడప మీద పెట్టబోతే వద్దన్నాను. వెళ్లింది. మళ్లీ వస్తుంది కూడా.

మెట్టు మీద కూర్చుని రాజమండ్రికి ఫోన్ చేశాను. "రాలేనండి" అన్నాను. ఎందుకన్నారు. "బండి స్టార్టవట్లేదండి, పార్టు దొరకట్లేదు." అవతలాయన నవ్వాడు. "మెకానిక్కై ఉండి ఆ మాటేంటండీ" అని పెట్టేశాడు.

నా వెనకే గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. నాకోసం కట్టిన టిఫిన్ క్యారేజీ ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

"ఏవండీ," అంది నెమ్మదిగా, "రాజమండ్రికి బస్సులు లేవా?"