విరగని నంబరు

మా శంషాబాద్ ఇంటి మేడ మీది గదిలో ఒక లెక్కల సారు కిరాయికి ఉండేవారు. కోస్తా మనిషి. ఏ నంబరు కనబడినా అది ఏయే సంఖ్యలతో తెగుతుందో చూడందే ఆయనకు అన్నం సహించేది కాదు. మా గ్యాస్ బండ మీది నంబరును కూడా వదల్లేదు.

విమానాశ్రయం కొత్తగా తెరిచిన రోజుల్లో, ముంబైలో మా చెల్లె కాన్పుకని అమ్మ మొదటిసారి విమానం ఎక్కాల్సి వచ్చింది. సాగనంపడానికి సారు కూడా వచ్చారు. తీరా గేటు దగ్గర అమ్మ ఆగిపోయింది.

"నాకు భయమైతాంది. నేను పోను," అంది.

సారు టికెట్ అందుకుని, నంబరులో చివరి ఆరంకెలు చూసి కాసేపు కళ్లు మూసుకున్నారు.

"4,82,431. ప్రధాన సంఖ్యండీ. దీన్ని ఏ సంఖ్యా భాగించలేదు."

"అంటే ఇరగదా సారూ?"

"విరగదండీ."

అమ్మ ధైర్యంగా లోపలికి నడిచింది.

బయట టీ తాగుతూ సారు కాగితం మీద మళ్లీ లెక్క వేశారు. కాగితం నా వైపు తోశారు.

"613 ఇంటూ 787. తొందరపడ్డానండీ. ఆవిడకు అబద్ధం చెప్పేశాను."

అప్పటికే విమానం ఎగిరిపోయింది. ఇంటికొచ్చాక కూడా ఆయన కుదురుగా కూర్చోలేదు. అమ్మ దిగి ఫోన్ చేయగానే నా చేతిలోంచి అందుకుని, స్పీకరు పెట్టి అంతా ఒప్పుకున్నారు.

"ఇరిగినా మంచిగనే దిగిన సారూ," అంది అమ్మ. "మల్ల వచ్చేటప్పుడు మాత్రం జర నంబరు చూడకు."

"అలాగేనండీ," అని ఫోన్ నాకిచ్చేసి, సారు గొంతు తగ్గించి అడిగారు.

"రిటర్న్ టికెట్ మీ దగ్గరే ఉందా?"