ఆ చివరి ‘కు’ వినపడలేదు

తెగేదాకా లాగవద్దని పెద్దలంటారు. నేను లాగింది తెగలేదు. తెగి ఉంటేనే బాగుండేది. ఒక పెద్దమనిషి ప్యాంటు పొడిగా మిగిలేది, నా నడుము చక్కగా ఉండేది. రాబోయేది ఘోరమేనని ముందే మాటిస్తున్నాను. చేతిలో మజ్జిగ గ్లాసు ఉన్నవాళ్లు దాన్ని కాస్త దూరంగా పెట్టుకొని చదవండి.

అప్పుడే బీఎడ్ ముగించి వికారాబాద్‌లో మా ఇంట్లో కూర్చున్నాను. పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాలని నాకు మహా పిచ్చి. కానీ ఏ ప్రైవేటు బడికి వెళ్లినా ముందు డెమో క్లాసు ఇమ్మనేవాళ్లు, ఇచ్చాక “కబురు చేస్తాం” అనేవాళ్లు. ఆ కబుర్లు ఇప్పటికీ దారిలోనే ఉన్నాయి. చివరికి మా నాన్నకు ఓపిక అయిపోయింది.

“బిడ్డా, తాండూర్ల గీ బడే ఆఖరు. కాకపోతే బంట్వారంల మీ పెద్దనాయిన ఎరువుల దుకాణంల కూసో. బిల్లులు రాయనీకె మనిషి లేక పరేషాన్ అయితుండు.”

యూరియా బస్తాల మధ్య నా జుట్టు నెరిసిపోతున్నట్టు కళ్లకు కట్టింది. ఈసారి సుద్దముక్కతో సరిపెట్టకూడదని తీర్మానించుకున్నాను. ఫోన్‌లో ఒక వీడియో చూశాను. బల్ల మీద గుడ్డ, గుడ్డ మీద గ్లాసులు. గుడ్డను చటుక్కున లాగేస్తే గ్లాసులు ఉన్నచోటే ఉంటాయి. అదే జడత్వం! నున్నటి నైలాన్ చున్నీ ఒకటి తీసి, అమ్మ స్టీలు గ్లాసులతో ఇంట్లో సాధన మొదలుపెట్టాను. ఎన్నిసార్లు లాగినా ఒక్క గ్లాసూ ఒరగలేదు. దాంతో నాకు గర్వం తలకెక్కింది. తలకెక్కిన నూనె స్నానం చేస్తే పోతుంది గాని, గర్వం పోదు కదా!

డెమోకు తాండూరు వెళ్తూ, రైల్లోనే మొదటి పాఠం చెప్పేశాను. బ్రేకు పడగానే నిలబడ్డవాళ్లమంతా ముందుకు తూలాం. పక్కన ఉన్న పెద్దావిడతో, “చూసినవా అమ్మా, ఇది జడత్వం” అన్నాను.

“ఏం తత్వమో గని బిడ్డా, జర నా కాలు మీదికెల్లి దిగు” అంది.

సిగ్గుపడి, తాండూరు రాగానే గబగబా దిగిపోయాను. చున్నీ ఉన్న సంచి మాత్రం దిగలేదు. ఉన్నది ఉన్నచోటే ఉంటుందన్న సూత్రాన్ని నాకంటే అదే బాగా వంటబట్టించుకుంది.

తాండూరు అంటేనే బండలు. ఆ బడి హాలు నేలకు పాలిష్ ఎంత బాగా పట్టించారంటే, అందులో చూసుకొని బొట్టు దిద్దుకోవచ్చు. పైగా అప్పుడే తడిగుడ్డ పెట్టి వెళ్లారు. మధ్యలో ఒక తేలికపాటి టేబులు. దాని వెనక చక్రాల కుర్చీలో, తెల్ల ప్యాంటూ తెల్ల చొక్కాతో కరస్పాండెంట్ సారు. ఒక పక్కగా హిందీ చెప్పే పెద్ద టీచరు సాబేరా మేడం. టేబులు మీద సారుకు ఏదో సన్మానంలో కప్పిన పట్టుశాలువా, దాని మీద రెండు గ్లాసుల మజ్జిగ. చున్నీ పోతేనేం, సామానంతా దేవుడే సర్ది పెట్టాడనుకున్నాను!

“జడత్వం అంటే ఏంది?” అని పిల్లల్ని అడిగాను.

ముందు వరుసలో రెండు జడల పిల్ల లేచింది. “జడ ఏసుకునుడా మేడం?”

“కాదు. ఉన్నకాడ్నే ఉంట, నన్ను కదిలియ్యకుండ్రి అని మొండికేసుడు.”

“మా తాత లెక్కనా?”

“అచ్చం గట్లనే!”

హాలంతా నవ్వింది. సారు కూడా నవ్వారు. నాకు కొలువు వచ్చేసినట్టే అనిపించింది. టేబులుకు ఇవతల నిలబడి శాలువా అంచు పట్టుకున్నాను.

“ఇప్పుడు దీన్ని గుంజుత. గిలాసలు కదలవు.”

“పక్కానా మేడం?” అన్నారు సారు.

“పక్కా సార్. ఏం ఫికర్ చెయ్యకుండ్రి.”

మన పుస్తకాల్లో బలమంటే నెట్టడం, లాగడం అని ఉంటుంది. కానీ మా దిక్కు ఎవరూ లాగరు, గుంజుతారు. పిల్లలు ఉత్సాహంలో మర్యాద కోసం చేర్చే ‘ండ్రి’ సైతం మింగేసి, “గుంజు! గుంజు!” అని కేకలు మొదలుపెట్టారు. సాబేరా మేడం కూడా లేచి, చేతులూపుతూ ఏదో అరిచారు. నాకు ‘గుంజ’ దాకా వినపడింది. హిందీ టీచరుకు కూడా సైన్సు మీద ఎంత ప్రేమో అని మురిసిపోయి, ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి గుంజాను.

ఆవిడ అన్నది “గుంజకు!” అని. ఫ్యాను గాలికి శాలువా ఎగిరిపోతోందని, దాని కొసలను పురికొసతో టేబులు కాళ్లకు కట్టేసింది ఆవిడేనట!

శాలువా రాలేదు. శాలువాతో పాటు టేబులే వచ్చింది. గ్లాసులు మాత్రం జడత్వానికి కట్టుబడి వెనకే ఆగిపోయి, కింద టేబులు లేదని గ్రహించి, మజ్జిగతో సహా సారు ఒళ్లో కూర్చున్నాయి. ఆయన ఉలిక్కిపడి టేబులును కాళ్లతో తన్నారు. తన్నిన తన్నుకు చక్రాల కుర్చీ వెనక్కి దొర్లి గోడకు తగిలింది. ఆ టేబులు నా మీదికి వచ్చింది. నేను వెనక్కి అడుగేశాను, అడుగు నిలవలేదు. బండల మీద కూలబడి తలుపు దాకా జారిపోయాను. బంట్వారం ఇంకెంతో దూరం లేదనిపించింది. నిజంగానే ఏడుపొచ్చింది.

సారు ఒళ్లోంచి కరివేపాకు రెమ్మ తీసి పక్కన పెట్టారు. నా వైపు చూడలేదు. పిల్లల వైపు తిరిగి, “గిలాసలు నా మీద ఎందుకు పడ్డయి?” అన్నారు.

అన్ని చేతులూ లేచాయి. రెండు జడల పిల్ల ఆగలేకపోయింది. “టేబుల్ ఉరికింది సార్, గిలాసలు ఉన్నకాడ్నే ఉంటమన్నయి. జడత్వం!”

“మరి నా కుర్చీ?”

“మీరు టేబుల్‌ను అటు తన్నిండ్రు, అది మిమ్మల్ని ఇటు తన్నింది!” అన్నాడు వెనక వరుసలో ఒకడు.

“మేడం ఎందుకు జారింది?”

“ఘర్షణ లేదు సార్!” అని హాలంతా అరిచింది.

ఘర్షణ ఇప్పుడు మొదలవుతుందని నేను కళ్లు మూసుకున్నాను. సారు గట్టిగా నిట్టూర్చారు.

“గీ సూత్రాలు నా చిన్నప్పుడు నాకు ఏడాదంత చెప్పిండ్రు, ఒక్కటి ఎక్కలే. ఇయ్యాల మజ్జిగతోని ఎక్కినయ్. సోమారం నుంచి రాండ్రి మేడం. నా టేబుల్ కాడికి మాత్రం రాకుండ్రి.”

బయటికి రాగానే నాన్నకు ఫోన్ చేశాను. “నాయినా, పెద్దనాయినకు వేరే మనిషిని చూసుకోమను” అని చెప్తుంటే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇప్పటికీ ఆ బడిలోనే పాఠం చెప్తున్నాను. సాబేరా మేడం నాతో తెలుగులోనే మాట్లాడతారు. నేను దేని మీదైనా చెయ్యి వేస్తే మాత్రం, చివరి అక్షరం మీద నమ్మకం పోయి, “నక్కో!” అని ఉర్దూలోనే అరుస్తారు. అందులో వద్దన్న సంగతి మొదట్లోనే తెలిసిపోతుంది కదా! కాబట్టి తాండూరు బండల సాక్షిగా, తడిసిన తెల్ల ప్యాంటు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరెంత ఉత్సాహపరిచినా, చెప్పే మాట చివరిదాకా వినకుండా, కిందికి వంగి పురికొస ఉందేమో చూడకుండా, ఈ జన్మలో నేను ఏదీ గుంజను. వినపడకపోతే మళ్లీ చెప్తాను, చివరి అక్షరం జాగ్రత్తగా వినండి: గుంజ...ను!