సారు వాగుని నేను బాగుచేశా

మొన్న ఆదివారం పెద్ద చదువుల సారొకాయన నా వల్ల వాగు ఒడ్డున చతికిలబడి తల పట్టుకున్నాడు. ముందే చెప్తన్నా, నేను చేసింది సాయమే. టీ తాగుతా వినండి, మధ్యలో నవ్వబాకండి.

గుంటూరు కాలేజీలో జువాలజీ చెప్పే సారు, బ్రాడీపేట మనిషి, నెలకో ఆదివారం బస్సెక్కి మన వాగుకాడికి వస్తన్నాడు గదా. తూనీగల్ని లెక్కేసుకోటానికి. డాక్టరేటంట. ఊళ్లో ఎవుణ్ణడిగినా వాగు సంగతి యేసోబుకే తెలుసంటారు కాబట్టి నన్ను తోడు పెట్టుకున్నాడు. వాళ్లు అన్నారో లేదో గానీ, నేనైతే ఆయనకి అట్టాగే చెప్పా.

ఆయన చూసేది ఒక్కటే చోటు. కానుగ చెట్ల కింద, మొగలి పొదల మధ్య, మిట్టమధ్యాహ్నం కూడా మసకమసగ్గా ఉంటది చూడండి, అక్కడ. సూదుల మాదిరి సన్న తూనీగలు, నీలంవి, రెక్కలు ముడుచుకుని ఆకుల మీద కూర్చుంటయ్.

"ఇవి ఎండకి ఆగవు యేసోబూ. నీడా, పారే నీళ్లూ ఉంటేనే ఉంటాయి. కేరళ వైపు వాన అడవుల్లో వాగులు చూసొచ్చా, అక్కడా ఇంతే. చెట్టు పోతే ఇవి పోతాయి, ఎండ తూనీగలొస్తాయి" అని చెప్పేవాడు. నేను తల ఊపేవోణ్ణి. తల ఊపటంలో నన్ను మించినోడు జిల్లాలో లేడు.

పదకొండు నెలల లెక్క అయింది. "ఇంకొక్కసారి వస్తే ఏడాది నిండుద్ది, రాసి ఇచ్చేస్తా" అన్నాడు పోయిన నెల. అంటానే మొగలి ముల్లు తగులుకుని చొక్కా భుజం కాణ్ణుంచి మోచేతి దాకా చిరిగింది. మన ఊరొచ్చిన మనిషి చిరుగుల చొక్కాతో బస్సెక్కితే నాకెట్టా ఉంటది?

అందుకని మొన్న చర్చి ఎగ్గొట్టి, తెల్లారగానే కత్తీ పారా పట్టుకుని దిగా. మొగలి మొత్తం నరికా. కానుగ కొమ్మలు తలకి తగులుతున్నయ్యని అయ్యీ కొట్టేశా. మిరప చేలో గట్టు చెక్కినట్టు ఒడ్డంతా చెక్కా. నీళ్లు చూస్తే చీలమండ లోతు. ఈ మాత్రం నీళ్లకి ఏం తూనీగలొస్తయ్యని రాళ్లూ మట్టీ వేసి అడ్డకట్ట కట్టా. మోకాటి లోతు నిలబడ్డయ్. నలుగురు రెండ్రోజులు చేసే పని, పది గంటలకల్లా ఒక్కణ్ణే లేపేశా.

సారొచ్చాడు. నాలుగు వైపులా చూశాడు. "దారి తప్పామా?" అన్నాడు.

"ఇదే సార్, మీ వాగే. ఎన్నొచ్చినయ్యో చూడండి" అన్నా. అబద్ధం కాదు. పెద్దయ్యి, ఎర్రయ్యి, హెలికాప్టర్లలాగా నిలవ నీళ్ల మీద తిరుగుతున్నయ్. నేను కబురు పెడితే వచ్చినట్టే ఉంది.

"నీలంవి ఏవి?"

వెతికా. ఒక్కటంటే ఒక్కటి లేదు. అప్పుడెక్కింది నా బుర్రకి, ఆయన పదకొండు నెల్లు చెప్పిందంతా ఒక్కసారే.

సారు నేను చెక్కిన ఒడ్డు మీదే కూలబడ్డాడు. "ఈ నెల లేకపోతే ఏడాది లేదయ్యా. మళ్లీ మొదట్నుంచే." తిట్టినా బాగుండేది. ఏం చెయ్యాలో తోచక, కొట్టేసిన కానుగ కొమ్మ ఒకటి ఎత్తి నీళ్ల మీద నీడ పట్టుకుని నిలబడ్డా. ఎర్రదొకటి వచ్చి దాని మీదే కూర్చుంది.

అప్పుడే మా ఇంటిది మరియమ్మ చర్చి అయ్యాక సారుకి అన్నం క్యారేజీ తెచ్చింది. నన్నూ నా కొమ్మనీ చూసింది.

"ప్రార్థన మాని చేసిన ఘనకార్యం ఇదేనా? ఇంట్లో అంట్లు కడగమంటే నడుం పట్టేసిందంటావు" అంది. తర్వాత సారుకేసి తిరిగి, "కొట్టకముందు ఎట్టా ఉందో పదకొండు నెల్లు రాసుకున్నారు గదండీ. కొట్టినాక ఎట్టా ఉందో ఇయ్యాళ రాసుకోండి. ఇట్టాంటి మనిషి మీకు మళ్లీ దొరకడు" అంది.

సారు ఆమెకేసి చూశాడు. నీళ్లకేసి చూశాడు. అన్నం కూడా మర్చిపోయి పుస్తకం తీశాడు. సాయంత్రం దాకా లెక్కేస్తానే ఉన్నాడు. ఏ చెట్టు కొట్టావు, కట్ట ఎంత ఎత్తు అని నన్నడిగి మరీ రాసుకున్నాడు. మొహం వెలిగిపోతంది.

"నా పేరు కూడా రాయండి సార్" అన్నా.

"రాయకుండా ఎట్టా?" అని రాశాడు. ఇంగ్లీషు. మరియమ్మ పది పాసు గదా, పుస్తకంలోకి తొంగి చూసి కూడబలుక్కుని చదివింది. "వాగుల్ని పాడుచేసేవి: వరద, యేసోబు, గేదెలు."

నవ్వండ్రా నవ్వండి. గేదెల కంటే నా పేరే ముందుంది.